నలభై ఏడు దగ్గర కరిగే లక్క

సత్తెయ్యమ్మకు నోటినిండా పళ్ళున్న రోజుల నుంచి మొదలుపెడితే గాని ఈ సంగతి తెమలదు.

ఎలమంచిలి అవతల, వరహా ఏటి ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఊరొకటి. ఆ ఊళ్ళో ఒకే అరుగు మీద, ఎదురెదురుగా పీటలేసుకుని, ముప్పై ఎనిమిదేళ్ళు లక్క పట్టిన తోడికోడళ్ళు వరహాలమ్మ, సత్తెయ్యమ్మ. పెద్దది వరహాలమ్మ. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. చిన్నది సత్తెయ్యమ్మ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అనేది. తెల్లారి ఎవరింట్లో పాలు విరిగినా, మధ్యాహ్నానికి ఆ కబురు అరుగు ఎక్కి, వంకర తీర్చుకుని, రంగేసుకుని మరీ వీధిలోకి దిగేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ కూడా మాట్లాడగల మనిషి.

పనిలో మాత్రం ఒకరు లేకపోతే రెండోవారు లేరు. అంకుడు కర్ర లేత్ మీద గిర్రున తిరుగుతుంటే దాని ఒంటికి లక్క కడ్డీ ఆనించాలి. మంట అక్కర్లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. వేడి చాలకపోతే పెచ్చులూడుతుంది, మించితే నల్లబడుతుంది. ఆ వేడి వరహాలమ్మ వేలికొసలకు తెలిసేది. లక్క పదును సత్తెయ్యమ్మ పంటికి తెలిసేది. ఉడికించి సాగదీసిన కడ్డీని దవడపళ్ళ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కి, "ఇంకో రెండు సాగులు సాగదియ్యప్పా," అనేది. అటువైపు అక్కను అప్పా అనే పిలుస్తారు.

ఆ నొక్కుళ్ళకూ ఆ చుట్టలకూ యాభై ఐదు దాటేసరికి సత్తెయ్యమ్మ దవడపళ్ళు రెండు పక్కలా ఖాళీ అయ్యాయి.

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేటి, లక్కయితేనేటి," అని ఆవిడే నవ్వేది. నవ్వేది గాని, జంతికలు పక్కింట్లో వేగుతుంటే ఆ వాసనకు మొహం తిప్పుకునేది. అంతకంటే పెద్ద బాధ, కడ్డీ పదును చూడలేకపోవడం. చిగురుతో నొక్కితే ఏం తెలుస్తుంది?

ఇక ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పుకోవాలి. మావగారి తండ్రి కాలంలో ఎక్కడినుంచో ఒక షావుకారు వచ్చి, ఏడాదిపాటు ఇంట్లో మనిషిలా తిరిగి, పాళ్ళూ రంగులూ అన్నీ నేర్చుకుపోయాడట. మరుసటి ఏటికి అవే బొమ్మలు మిషను మీద చేయించాడు. ఊళ్ళో సగం అరుగులు బోసిపోయాయి. ఆనాటి నుంచి ఆ ఇంట ఒక మాట పడిపోయింది: పరాయివాళ్ళకు నేర్పాల్సి వస్తే తొమ్మిది నేర్పు, పదోది కొంగున కట్టుకో. కోడళ్ళు అత్తారింట అడుగుపెట్టిన వారంలో మావగారు వాళ్ళ చేత లక్క కడ్డీ మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాడు. వరహాలమ్మ చేతా పెట్టించాడు. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన సత్తెయ్యమ్మ చేతా పెట్టించాడు.

ఏమిటా పదోది? వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఇంట్లో పల్చటి కుంకుమ భరిణెల కోసం మెత్త లక్క అని ఒకటి చేస్తారు. చాలా తక్కువ వేడికే కరుగుతుంది. కానీ ఒక్క వేసవి ఎండ తగిలిందా, దానికి వయసు మీద పడుతుంది. తేనె రంగు పోయి చింతపండు రంగు తిరుగుతుంది. మొండికేస్తుంది. నిన్న గోరువెచ్చకు కరిగింది, ఇవాళ చెయ్యి చుర్రుమన్నా కరగదు. అప్పుడు దాన్ని మూకుట్లో వేసి, మూడో వంతు కొత్త లక్క చేర్చి మళ్ళీ సాగదీయాలి. పాలకు తోడు వేసినట్టు, పాత లక్కకు కొత్త లక్క తోడు. అంతే.

డ్రైవర్ లేని బస్సులు రోడ్లెక్కిన ఏడాది, ఆ అరుగు ముందుకు ఇందీవర అనే దంతవైద్యురాలు వచ్చింది. బొమ్మలు కొనడానికి వచ్చి, బొమ్మలు మరిచిపోయి, వరహాలమ్మ వేళ్ళకేసి గంటసేపు చూస్తూ నిలబడిపోయింది.

"అమ్మా, సరిగ్గా అప్పుడే చెయ్యి తీసేశారు. వేడి చాలని ఎలా తెలిసింది?"

"తెలవకపోవడమేటి తల్లీ? ఏలు సెప్తాది."

"నాకు ఏలు చెప్పనిచోట పనమ్మా," అంది ఇందీవర, అరుగు అంచున కూలబడుతూ. "ఊడిన పంటి చోట ఎముకలో బరమతో రంధ్రం చేసి మేకు దించుతాం. దాని మీద కొత్త పన్ను కడతాం. తిరిగే బరమకు వేడి పుడుతుంది కదా? నీళ్ళు పోస్తూనే ఉంటాం, కానీ లోపల కొస దాకా నీళ్ళు వెళ్ళవు. మత్తులో ఉన్న మనిషికి నొప్పి తెలియదు. బయట పెట్టిన థర్మామీటరు చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. నలభై ఏడు డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉంటే చాలు, ఆ ఎముక చచ్చిపోతుంది."

"సచ్చిపోతే?"

"పచ్చికర్రలో దిగిన మేకుకీ పుచ్చుకర్రలో దిగిన మేకుకీ ఎంత తేడా ఉంటుంది?"

వరహాలమ్మకు ఇక చెప్పక్కర్లేకపోయింది. సత్తెయ్యమ్మ మాత్రం చుట్ట తీసి పక్కన పెట్టి నోరు బార్లా తెరిచింది. "ఇదిగో, ఇటు రెండు, అటు రెండు. నాకు దించుతావేటి డాక్టరమ్మా?"

"దించుతాను. ముందు కాల్చకుండా దించడం నేర్చుకోనివ్వండి."

అలా మొదలైంది. విశాఖపట్నంలో కొండ మీద ఇందీవర ప్రయోగశాల. వారానికి రెండుసార్లు బస్సు వచ్చి వరహాలమ్మను తీసుకెళ్ళేది. కసాయి కొట్టు నుంచి తెచ్చిన మేక దవడలను గోరువెచ్చని ఉప్పునీళ్ళలో ఉంచేవారు. ఎముకలోకి వెంట్రుకంత తీగ ఒకటి దించి, దాని పక్కనే బరమ తిప్పేవారు. తీగ చివర తెర మీద అంకెలు పరిగెత్తేవి. మొదటిసారి నీళ్ళు పోయకుండా నూరు దాటనిచ్చి ఆ ఎముకను ముక్కు దగ్గర పెట్టించింది ఇందీవర. కాలిన కొమ్ము వాసన. వరహాలమ్మకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

"ఆ తీగే మనిషికీ పెట్టెయ్యొచ్చు కదా తల్లీ?"

"ఒక్క మేకు కోసం పక్కన ఇంకో రంధ్రం చేయమంటారా?"

ఇందీవర ఆలోచన వేరు. బరమ మెడను రెండు ముక్కలు చేసి, మధ్యలో ఆవగింజంత లక్క పెట్టి అతికించాలి. ఎముక వేడి ఉక్కు గుండా ఆ గింజకు ఎక్కుతుంది. నలభై ఏడు తగిలీ తగలగానే, ఆ నిమిషం నిండకముందే లక్క మెత్తబడాలి. మెత్తబడితే పైముక్క తిరుగుతుంది, కింది ముక్క టిక్కుమని ఆగిపోతుంది. చల్లనీళ్ళు తగిలి గింజ బిగుసుకుంటే మళ్ళీ తిరుగుతుంది. ఎముక కాలడమనేదే ఉండదు.

చెప్పినంత తేలికా? మొదటి నెల్లాళ్ళూ ఒక గింజ ముప్పై తొమ్మిదికే జావైపోయేది, ఇంకోటి యాభై ఐదైనా చలించేది కాదు. కుంకుమ భరిణెల మెత్త లక్కనే తీసుకుని వరహాలమ్మ తేనెమైనం తగ్గించింది, గుగ్గిలం పెంచింది, ఆముదం రెండు చుక్కలు వేసి ఒక చుక్కకు దిగింది. ఇంటికి తెచ్చిన కడ్డీని సత్తెయ్యమ్మ చిగురుతో నొక్కి, "ఏటోనప్పా, నా పళ్ళుంటే ఈ పాటికి తేల్చేసేదాన్ని," అనేది. చివరికి కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం టిక్కుమంది. తెర మీద నలభై ఏడు. మళ్ళీ తిప్పారు. నలభై ఏడు. వరసగా పదకొండు సార్లు. పన్నెండోసారి ఇందీవర తెర చూడలేదు, వరహాలమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

తర్వాత పని పెద్దదైంది. రోడ్ల మీద తిరిగే దంతవైద్యం బస్సులు వస్తాయి. బస్సుకు ఆరు కుర్చీలు, కుర్చీకి ఒక యంత్రం చెయ్యి. ఒక్క డాక్టరు కూర్చుని ఆరుగురినీ చూసుకుంటుంది. పల్లెపల్లెకూ పళ్ళు. దానికి వేల బరమలు కావాలి. ఊళ్ళోంచి పన్నెండుమంది ఆడవాళ్ళు వచ్చారు. వరహాలమ్మ వాళ్ళకు ఉడకబెట్టడం దగ్గర నుంచి గింజ చుట్టడం దాకా నేర్పింది. తొమ్మిది నేర్పింది.

ఆఖరి రోజున ఇందీవర పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్కొక్కటే అడిగి రాసుకుంటూ, రాసుకుంటూ, మధ్యలో తలెత్తింది.

"అమ్మా, ఈ లక్క నిలవుంటే చెడుతుందా?"

వరహాలమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. కొంగు చివర ముడి ఏమీ లేదు. అయినా ఆ చివరనే పట్టుకుంది.

"లక్కకేటవుతాది తల్లీ," అంది. "రాయిలా ఉంటాది."

ఆవిడలో చెడ్డ ఉందని అనుకోకండి. ఆ క్షణాన ఆవిడ కళ్ళముందున్నది బోసి అరుగులు. వేసవి దాటాక లక్క మొండికేస్తుంది, బరమలు పనిచేయవు, అమ్మా ఏం చెయ్యాలని ఈ పిల్లే పరిగెత్తుకొస్తుంది, అప్పుడు తోడు వేసి ఇస్తాం, ఏటేటా వస్తారు, ఏటేటా ఊరికి పని ఉంటుంది. అంతే అనుకుంది. బొమ్మ మీద లక్క చెడితే పెచ్చులూడి కనిపిస్తుంది, బొమ్మ ఒక్కటే చెడుతుంది. ఈ లక్క చెడినా అలాగే కనబడుతుందనుకుంది. ఏమీ కనబడకుండా, ఏ చప్పుడూ లేకుండా చెడుతుందని ఆవిడకు తట్టలేదు.

ఇందీవర కూడా ఊరికే నమ్మలేదు. కొన్ని గింజలు అలమరాలో దాచి నెలనెలా పరీక్ష చేసింది. అన్నీ నలభై ఏడే. ఆ అలమరా ఉన్నది చల్లటి ఏసీ గదిలో. బస్సులు నిలబడింది వైశాఖం ఎండలో, రేకుల మీద గుడ్డు పగలగొడితే అట్టైపోయే చోట.

ఆ వేసవిలో వరహాలమ్మకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒకనాడు ధైర్యం చేసి ఫోన్ తీసింది.

"అమ్మా, చెప్పండి!" అంది ఇందీవర గొంతు. వెనక బస్సు మోత. "ఇవాళ్టికి ఎంతమందో తెలుసా? రెండు వేలు దాటారు. ఒక్క ఎముక కాలలేదు!"

"అలగా తల్లీ. తిన్నావా?"

"తిన్నానమ్మా. ఏమన్నా చెప్పాలా?"

"ఏటి నేదు. ఊరికినే."

రేపు చెబుదామనుకుంది. ఆ రేపు వానలు పడ్డాక కూడా రాలేదు.

భాద్రపదంలో హైస్కూలు మైదానంలోకి బస్సు వచ్చింది. సత్తెయ్యమ్మ అప్పటికి ఆరునెలలుగా చుట్ట ముట్టలేదు. చుట్ట మానితే గాని మేకు దించనని ఇందీవర ముందే చెప్పింది మరి. నలభై ఏళ్ళ అలవాటు. మొదటి నెల గోడకేసి తల కొట్టుకుంది, రెండో నెల నోట్లో లవంగం పెట్టుకుని అందరినీ తిట్టింది, మూడో నెల నుంచి తిట్లు తగ్గి, తినబోయేవాటి లెక్క పెరిగింది. జంతికలు, వేరుశెనక్కాయలు, ఆవకాయ టెంక.

"ముందు టెంక సీకాల, తరవాతే లక్క," అంది బస్సు మెట్లెక్కుతూ.

"ముందు నోరు మూసుకుని కూకో," అంది వరహాలమ్మ.

"నోరు మూసుకుంటే మేకు ఎక్కడ దించుతాదే డాక్టరమ్మ?" కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇందీవర కూడా తెర వెనక నుంచి నవ్వింది.

మత్తు సూది వేశారు. యంత్రం చెయ్యి మడతలు విప్పుకుని నోటి మీదికి వచ్చింది. నర్సు డబ్బాలోంచి బరమ తీస్తుంటే సత్తెయ్యమ్మ తిమ్మిరి పట్టిన మూతితోనే, "ఏదీ, మా అప్ప సేసిన లక్క సూపెట్టు," అంది. నర్సు ముచ్చటపడి కళ్ళ దగ్గర పెట్టింది. సత్తెయ్యమ్మ చూసింది. చూసి, ఏమీ అనలేదు. ఒక్కసారి తల తిప్పి, తలుపు దగ్గర తన చెప్పులు పట్టుకుని కూర్చున్న వరహాలమ్మ వంక చూసి, మళ్ళీ నోరు తెరిచి కళ్ళు మూసుకుంది. భయపడింది కాబోలు అనుకుంది వరహాలమ్మ.

బరమ తిరిగింది.

కింది దవడ గట్టిదని, కనీసం మూడుసార్లు టిక్కుమనాలని ఇందీవర ఎప్పుడో చెప్పింది. వరహాలమ్మ చెవి ఒగ్గి కూర్చుంది. పక్క కుర్చీలో ఎవరిదో పైదవడ మేకు ముగిసింది. కిటికీ బయట పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. టిక్కు లేదు. నీళ్ళు చిమ్ముతున్నాయి, తెర మీద పచ్చదీపం వెలుగుతోంది. టిక్కు లేదంటే ఎముక చల్లగా ఉందని ఆ యంత్రం లెక్క. కాబట్టి అది ఇంకాస్త జోరందుకుంది.

లేవాలి. లేచి ఆపండి అనాలి. అంటే ఎందుకంటారు. ఎందుకంటే లక్క పాతది. పాతదైతే ఏమవుతుంది? ఏమవుతుందో అప్పుడు ఎందుకు చెప్పలేదు? వరహాలమ్మ చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది. దీని ఎముక మెత్తదేమో అనుకుంది. పెద్దవయసు కదా, గుల్లబారి ఉంటుంది అనుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషి, పంటితో లక్క కడ్డీలు కొరికిన దవడ, అది గుల్లబారిందని తనకు తానే చెప్పుకుంది. బరమ ఆగి, యంత్రం చెయ్యి వెనక్కు తగ్గేదాకా అలాగే చెప్పుకుంటూ కూర్చుంది.

నాలుగు మేకులూ దిగాయి. "ఒక్కసారి కూడా ఆగకుండా ఎంత చక్కగా అయిపోయిందో!" అంది ఇందీవర.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా లాభం లేదంటారు. వరహాలమ్మ అప్పటికీ ఆకులు పట్టుకోలేదు.

నెల తిరిగేసరికి కుడి దవడ వాచింది. సత్తెయ్యమ్మ గంజి తప్ప మింగలేకపోయింది. నోరు తెరిస్తే తనకే వాసన. కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేది. విశాఖపట్నం తీసుకెళ్ళారు. ఇందీవర నోట్లో దీపం వేసి చూసి, కుడివైపు మేకును రెండు వేళ్ళతో పట్టుకుంటే అది నీళ్ళలో పాతిన పుల్లలా ఊగింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"పిన్నీ, నిజం చెప్పండి. చుట్ట తాగారా?"

"నేదమ్మా."

"ఒక్కటైనా? కోప్పడను. చుట్ట తాగితేనే ఇలా అవుతుంది. ఇంకో కారణం కనబడ్డం లేదు నాకు."

"నూకాలమ్మ తోడు, తాగలేదు!" సత్తెయ్యమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అప్పా, నువ్వైనా సెప్పవే, తాగేనేటి నేను?"

వరహాలమ్మ, "నేదు, తాగలేదు," అంది. అంతవరకే అంది. ఇందీవర కాగితం మీద ఏదో రాసుకుంది. తాగే ఉంటుందని రాసుకుందని వరహాలమ్మకు తెలుసు. ఆ రాత నాలుగు రోజులు అలాగే ఉండనిచ్చింది. ఆ నాలుగు రోజుల గురించి తర్వాత ఎవరూ ఆవిడను అడగలేదు. ఆవిడే అడుగుతూ ఉంటుంది తనను తాను.

అయిదో రోజు పొద్దున్నే ఆపరేషన్ చేశారు. కుడివైపు మేకులతో పాటు చచ్చిన ఎముకా తీసేయాల్సి వచ్చింది. బయట బల్ల మీద కూర్చున్న వరహాలమ్మ దగ్గరకు ఇందీవర ఒక చిన్న గాజు గిన్నె తెచ్చి చూపించింది. అందులో గోరంత ఎముకలు నాలుగైదు, తెల్లగా, పొడిగా, నెత్తురు చుక్క లేకుండా.

"చుట్టకు ఇలా కాదమ్మా," అంది ఇందీవర నెమ్మదిగా. "రంధ్రం చుట్టూ గుండ్రంగా చచ్చింది. కాలింది. మన బరమే కాల్చింది. ఎలా కాల్చిందో నాకు అర్థం కావట్లేదు."

వరహాలమ్మ ఆ గిన్నెలో వేలు పెట్టబోయి ఆగింది. తర్వాత చెప్పింది. షావుకారు దగ్గర నుంచి, ఒట్టు దగ్గర నుంచి, చింతపండు రంగు దగ్గర నుంచి, తోడు దాకా. రాయిలా ఉంటాదన్న మాట దాకా. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయింది.

ఇందీవర కేకలేయలేదు. కేకలేస్తే బాగుండేది.

"నేను అడిగాను కదమ్మా," అంది. గిన్నె బల్ల మీద పెట్టి, "ఎండలో పెట్టి నేనూ చూడలేదు. చల్లటి గదిలో దాచి, బాగుందని రాసుకున్నాను," అంది. లేచి వెళ్ళి ఫోన్ తీసి, పదకొండు బస్సులనూ ఎక్కడివక్కడ ఆపించింది. వేసవి తర్వాత మేకులు దించుకున్నవాళ్ళను ఊరూరా పిలిపించి చూశారు. చాలామందికి ఏమీ కాలేదు. ఎముక మెత్తగా ఉన్నవాళ్ళు గండం తప్పించుకున్నారు. ఇరవై ముగ్గురికి మాత్రం మేకులు ఊగాయి. ఆ ఇరవై ముగ్గురి పేర్లూ వరహాలమ్మకు నోటికొచ్చు. చదువు రాదు, చదివించుకుని నేర్చుకుంది. రోజూ దీపం పెట్టాక ఒకసారి పైకి చెప్పుకుంటుంది.

ఇప్పుడు ఆ బరమలకు ఏటేటా తోడు వేస్తారు. ప్రతి డబ్బా మీదా తేనె రంగు చుక్క ఒకటి, చింతపండు రంగు చుక్క ఒకటి అచ్చు వేశారు. ఈ రంగైతే వాడండి, ఆ రంగైతే తోడుకు వెనక్కి పంపండి అని. పదో సంగతి చదువురానివాళ్ళకు కూడా తెలిసిపోయింది. ఊరి అరుగులు బోసిపోలేదు, విచిత్రం. తోడు వేయడానికి ఏడాదికి నాలుగు నెలలు చేతినిండా పనే. ముందే చెప్పి ఉన్నా ఇంతే పని ఉండేది కదా అని వరహాలమ్మకు అనిపించినప్పుడల్లా లక్క కడ్డీ చేతిలోంచి జారుతుంది.

సత్తెయ్యమ్మ కుడి చెంప లోపలికి పోయింది. అటువైపు ఎముక పల్చనైపోయింది, ఇక అందులో ఏ మేకూ నిలవదు. ఎడమవైపువి రెండు మేకులు నిలిచాయి గాని, ఒక్క పక్క రెండు పళ్ళతో వక్క ఎలా నమలగలదు? వరహాలమ్మే రోజూ చిన్న రోట్లో తమలపాకూ వక్కా దంచి పెడుతుంది. మాటలు మాత్రం తగ్గలేదు. సగం మూతితో మొత్తం ఊరి కబుర్లూ చెబుతుంది.

మొన్న కార్తీకంలో ఒక సాయంత్రం, అరుగు మీద కొత్త లక్క ఆరబెట్టి కూర్చున్నారు ఇద్దరూ. ఎవరి కోడలో పుట్టింటికి వెళ్ళిపోయిన కథ మధ్యలో ఆపేసి సత్తెయ్యమ్మ అంది:

"అప్పా, నీకొకటి సెప్పాల. కోప్పడకు."

"సెప్పు."

"ఆ రోజు బస్సులో ఆ పిల్ల బరమ సూపెట్టింది కదా. సూడగానే తెలిసిపోనాది నాకు. చింతపండు రంగు."

రోట్లో తమలపాకు దంచుతున్న వరహాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"తెలిసి కూకున్నావా?" అంది. "తెలిసి నోరు తెరిచేవా, సత్తీ?"

"ఏటి సేస్తాను? ఇది పాతది, వద్దు అంటాననుకో. నీకెలాగ తెలిసిందే అంటారు. అప్పుడు పదోది సెప్పాల. నువ్వు కొంగున కట్టుకున్నదాన్ని పదిమందిలో నేను ఇప్పుతానేటి? నీ పరువు పోదూ? మావ నా సేతా ఒట్టేయించేడు కదా." కాస్త ఊపిరి తీసుకుంది. "అయినా నువ్వు తలుపు కాడే ఉన్నావు. మరీ పెమాదమైతే అప్ప లేచి సెప్తాదిలే అనుకున్నాను."

వరహాలమ్మ చెయ్యి చాచి ఆ లోతు చెంప మీద పెట్టింది. ఏ కర్ర ఎంత వేడెక్కిందో ముట్టుకోగానే చెప్పే వేళ్ళు అవి. ఇప్పుడు వాటికి ఒక్కటే తెలిసింది, చర్మం కింద ఉండాల్సింది అక్కడ లేదని.

సత్తెయ్యమ్మ ఆ చెయ్యిని అలాగే ఉండనిచ్చి, సగం మూతితో నవ్వింది.

"ఊరంతా నా నోట్లో నువ్వుగింజ నానదని ఆడిపోసుకున్నారు కదప్పా," అంది. "ఒక్కటి నానింది. సూడు."